ఒకే బండి, రెండు పొగగొట్టములు

రెండు పాత జీపు తరగతి బండ్లను పక్కపక్కన నిలిపి చూతము. రెండింటికిని పేరొకటే, రంగొకటే; రెండును 2011లో ఒకే కర్మాగారమునుండి వెలువడినవే. ఒకటి హైదరాబాదులో రిజిస్టరయినది, రెండవది శ్రీకాకుళములో. చూపరులకు అవి కవలపిల్లలు. కాని బానెట్టు ఎత్తి, పిమ్మట బండి క్రిందికి వంగి పొగగొట్టము వెంట చూపు సారించినచో వాటి మధ్యనున్న భేదము బయటపడవచ్చును. ఒకదానిలో పొగను శుభ్రపరచు సాధనములు ఎక్కువ, రెండవదానిలో తక్కువ. ఈ భేదము కొనువాడు కోరినది కాదు, పనివాడు మరచినది కాదు; చట్టము గీచిన గీటు. ఆ గీటు ఎట్లు పుట్టినది, దానివలన ఎవరికేమి నష్టము, పాత బండి కొనదలచిన గృహస్థు దేనిని గమనింపవలెను అను విషయములను ఈ ప్రసంగములో ముచ్చటింతము.

ఈ కథకు మొదలు మన దేశములో లేదు. అమెరికా పడమటి తీరమున లాస్ ఏంజిలీస్ నగరము కలదు. ఒక వైపు సముద్రము, తక్కిన వైపుల కొండలు. గాలి కదలక నిలిచిపోవుటకు అనువైన చోటు. 1943 జూలైలో ఒకనాడు ఆ నగరమును దట్టమైన మసక కప్పివేసినది. జనుల కన్నులు మండినవి, గొంతులు గరగరలాడినవి. యుద్ధకాలము కావున శత్రువు విషవాయువు వదలెనేమో అని కొందరు భయపడిరి. అసలు కారణము కనుగొనుటకు కొన్ని యేండ్లు పట్టినది. హాలెండు దేశమున పుట్టి కాలిఫోర్నియాలో ఆచార్యుడుగా నున్న హేగెన్-స్మిత్, అనాసపండు వాసనకు మూలమైన ద్రవ్యములను పరిశోధించుచుండిన రసాయనజ్ఞుడు. ఆయన తన దృష్టిని నగరపు గాలివైపు మరల్చెను. మోటారు బండ్లనుండి వెలువడు కాలని పెట్రోలు ఆవిరియు, నైట్రోజను ఆక్సైడులును ఎండలో కలిసి ఓజోనుగా మారుచున్నవని 1950 ప్రాంతమున ఆయన నిరూపించెను. అనగా ఆ నగరమునకు శత్రువు బయటినుండి రాలేదు. ప్రతి ఇంటి ముంగిటను నిలిచియున్నాడు.

దీని ఫలితముగా కాలిఫోర్నియా రాష్ట్రము తక్కిన దేశముకంటె ముందుగా మేలుకొన్నది. పొగగొట్టమునుండి వెలువడు వాయువులకు 1966 నమూనా బండ్లనుండి పరిమితి విధించినది. దేశమంతటికిని అట్టి నియమము 1968 నమూనాలతో మాత్రమే వచ్చినది. 1967లో కేంద్ర శాసనమొకటి చేయుచు, ఏ రాష్ట్రమునకును వేరు నియమములు కూడదనియు, ముందే నడుము కట్టిన కాలిఫోర్నియాకు మాత్రము అనుమతి ఈయవచ్చుననియు నిర్ణయించిరి. 1977లో ఇంకొక సడలింపు వచ్చినది: తక్కిన రాష్ట్రములు కోరినచో కాలిఫోర్నియా నియమములనే యథాతథముగా స్వీకరింపవచ్చును, మూడవ రకమును మాత్రము కల్పింపరాదు. ఈ విధముగా ఒకే దేశములో, ఒకే పేరు గల బండికి రెండు రూపములు ఏర్పడినవి. ఏ బండి ఏ నియమమునకు లోబడి తయారైనదో తెలుపు చీటీ బానెట్టు క్రింద అంటించియుండును.

ఒక ఉదాహరణము చెప్పుకొందము. 2000 నమూనా జీప్ చెరోకీ బండిలో నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను ఉండెడిది. సామాన్యముగా దేశములో అమ్మిన దానికి ఒక కన్వర్టరు, రెండు ఆక్సిజను సెన్సర్లు. కాలిఫోర్నియా కొరకు చేసిన దానికి ఇంజను చెంతనే అదనముగా చిన్న కన్వర్టర్లు, మొత్తము నాలుగు సెన్సర్లు. ఎందుకీ అదనము? కన్వర్టరు అనునది చల్లగా నున్నప్పుడు పనిచేయదు. అది సుమారు 300 డిగ్రీల వేడి పట్టినపిమ్మటగాని విషవాయువులను మార్పజాలదు. బండి కదలిన మొదటి ఒకటి రెండు నిమిషములలోనే ఎక్కువ మాలిన్యము బయటపడును. కావున కన్వర్టరును ఇంజనుకు దగ్గరగా పెట్టినచో అది త్వరగా వేడెక్కి త్వరగా పనిలోనికి దిగును. చూచుటకు చిన్న మార్పే. కాని దాని వెనుక ఒక నగరపు కన్నుల మంట ఉన్నది.

మరియొక సంగతి. ఇట్టి పెద్ద బండ్లను అమెరికా చట్టము చాలకాలము కార్లలో చేర్చక, తేలికపాటి లారీల జాబితాలో చేర్చినది. లారీ యనగా సరుకు మోయునది, రైతునకు ఉపకరించునది యని దానికి నియమములు సడలించిరి. ఆ సడలింపును పిల్లలను బడికి దింపు కుటుంబపు బండ్లును అనుభవించినవి. 2004 నమూనానుండి అంచెలంచెలుగా అమలయిన నియమములు మాత్రమే కారును, ఈ బండిని ఒకే త్రాసులో తూచినవి.

ఇక మన ఇంటికి వత్తము. మన దేశమున కన్వర్టరు 1995 ఏప్రిలులో ప్రవేశించినది; అదియు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో కొత్తగా అమ్ము పెట్రోలు కార్లకు మాత్రమే. ఏలయన కన్వర్టరుకు సీసము కాలకూటము వంటిది. సీసము లేని పెట్రోలు నాడు ఆ నగరములలో దొరకుచుండెను. ఆ కారును తీసికొని దూరపు పల్లెకు పోయి అక్కడి పెట్రోలు పోయించినచో కన్వర్టరు పాడగును. దేశమంతట సీసమును తొలగించుట 2000లో ముగిసినది.

ఆ తరువాత భారత్ స్టేజి నియమములు వచ్చినవి. మషేల్కర్ అధ్యక్షతన నేర్పడిన నిపుణుల సంఘము 2002లో ఇంధన విధానమునకు బాట వేసినది: పెద్ద నగరములు ముందు, తక్కిన దేశము వెనుక. 2010 ఏప్రిలులో 13 నగరములు నాలుగవ మెట్టునకు చేరినవి. తక్కిన దేశము మూడవ మెట్టున నిలిచినది. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునుండి ఆ జాబితాలో హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరములకు మాత్రమే చోటు దక్కినది. విశాఖపట్టణము లేదు, విజయవాడ లేదు, వరంగల్లు లేదు.

భేదమునకు ముఖ్య కారణము డీజిలులోని గంధకము. మూడవ మెట్టు డీజిలులో పదిలక్షల పాళ్లకు 350 పాళ్ల గంధకము ఉండవచ్చును. నాలుగవ మెట్టున 50కి మించరాదు. గంధకమును తీయుటకు శుద్ధికర్మాగారములలో కొత్త యంత్రములు నెలకొల్పవలెను. దానికి ధనము, కాలము రెండును కావలెను. గంధకము ఎక్కువగా నున్న డీజిలును వాడినచో కన్వర్టరు తన పని సరిగా చేయకపోవుటే గాక, ఆ గంధకమునే సన్నని నలుసులుగా మార్చి వెలువరించును. కావున మంచి ఇంధనము లేనిచోట మంచి సాధనము పెట్టియు ప్రయోజనము తక్కువ. స్కార్పియో, బొలేరో వంటి బండ్లు బి.ఎస్.3, బి.ఎస్.4 అను రెండు రూపములలో అమ్ముడగుటకు ఇదియే మూలము. సామాన్యముగా నాలుగవ మెట్టు డీజిలు బండ్లలో పొగలో కొంత భాగమును చల్లార్చి ఇంజనులోనికి మరల పంపు ఏర్పాటు మెరుగుపడినది.  దోషమును తానే కనిపెట్టి దీపము వెలిగించు వ్యవస్థ ఏర్పడినది.

అంకెలలో చెప్పవలెనన్న, ఏడుగురు కూర్చుండునట్టి, 1760 కిలోలకు మించిన డీజిలు బండి మూడవ మెట్టున కిలోమీటరుకు 0.10 గ్రాముల నలుసులను, 0.78 గ్రాముల నైట్రోజను ఆక్సైడులను వదలవచ్చును. నాలుగవ మెట్టున ఆ పరిమితులు 0.06, 0.39. అనగా నైట్రోజను ఆక్సైడులలో సరిగా సగము.

నగరములకు ముందు అను నియమములో న్యాయము లేకపోలేదు. బండ్లు గుమిగూడినచోటనే పొగ గుమిగూడును. ఉన్న కొద్దిపాటి మంచి ఇంధనమును అక్కడ ముందు వాడుట ఇంటిపెద్ద చేయదగిన పనియే. కాని గాలికి జిల్లా సరిహద్దులు లేవు. బండికి చక్రములున్నవి. పొరుగు జిల్లా చిరునామాతో మూడవ మెట్టు బండిని రిజిస్టరు చేయించి నగర వీథులలోనే తిప్పినవారు కలరు. అంతకంటె ఆలోచింపదగినది ఇంకొకటి. జాతీయ రహదారి ప్రక్క టీకొట్టు నడుపుకొను మనిషి, బస్సు కొరకు ధూళిలో నిలుచుండు బడిపిల్ల, వీరి ఊపిరితిత్తులు నగరవాసి ఊపిరితిత్తుల వంటివే. ఏడు సంవత్సరములు వారికి చట్టము వేరొక కొలత పెట్టినది.

2017 ఏప్రిల్ 1న ఆ గీటు చెరిగిపోయినది. మూడవ మెట్టు బండ్లను ఆనాటినుండి అమ్మరాదనియు, రిజిస్టరు చేయరాదనియు సుప్రీంకోర్టు మార్చి 29న తీర్పు చెప్పినది. అప్పటికి కంపెనీల వద్దను, దుకాణములలోను కలిపి 8 లక్షలకు పైగా అట్టి బండ్లు మిగిలియుండెను. వ్యాపారుల నష్టముకంటె ప్రజల ఆరోగ్యము గొప్పదని న్యాయస్థానము భావించినది. 2020 ఏప్రిల్ 1నుండి దేశమంతటను ఆరవ మెట్టు అమలయినది. డీజిలులో గంధకము పదిలక్షలకు 10 పాళ్లకు దిగినది. నేడు ఇచ్ఛాపురమునను, హైదరాబాదునను బంకులో పోయు డీజిలు ఒకటే నాణ్యముది. ఇంధనము మంచిది కాదను సాకునకు ఇక తావు లేదు.

అయినను పాత బండ్లు చేతులు మారుచునే ఉన్నవి. కావున కొనువారికి నాలుగు మాటలు. మొదటిది, ఆర్.సి. పుస్తకములో బండి ఏ మెట్టునకు చెందినదో చూడుడు. బండి వయసునుబట్టి ఊహింపకుడు. రెండవది, సాధనములు ఉన్నవో లేవో తెలిసిన మెకానిక్కుచేత పరీక్ష చేయించుడు. కన్వర్టరులో ప్లాటినము జాతి లోహములుండును. వాటి కొరకు దానిని ఊడదీసి అమ్ముకొని, ఖాళీ గొట్టము బిగించువారు కలరు. మూడవది, విడిభాగము మార్చవలసి వచ్చినచో ఆ మెట్టునకు తగినదే కొనుడు. పేరొకటే యని రెండవ రూపపు భాగమును తగిలించినచో హెచ్చరిక దీపము ఆరకపోవచ్చును.

నాలుగవది ముఖ్యమైనది. పొగను మరల ఇంజనులోనికి పంపు దారిని రేకుముక్కతో మూసివేసినచో మైలేజి పెరుగునని కొందరు సలహా చెప్పుదురు. పొల్యూషను సర్టిఫికెట్టు ఇచ్చుచోట డీజిలు బండిలో పొగ నలుపును మాత్రమే కొలుతురు. నాలుగవ మెట్టునకు ముందటి బండికి ఆ కొలత 2.45 దాటరాదు, నాలుగవ మెట్టు బండికి 1.62 దాటరాదు. నైట్రోజను ఆక్సైడులకు రంగు అంతగా లేదు. ఆ యంత్రము వాటిని పట్టదు. అనగా దారి మూసిన బండియు పరీక్షలో నెగ్గి, చేతిలో కాగితముతో బయటికి రావచ్చును. కాగితము చట్టమును తృప్తిపరచును గాని వెనుక వచ్చు ద్విచక్రవాహనముపై తల్లి ఒడిలోనున్న పసివాని ఊపిరిని కాపాడజాలదు.

చట్టము పెట్టిన రెండు కొలతలను చెరిపివేయుటకు దేశమునకు చాలకాలము పట్టినది. రేకుముక్కతో మనమే మూడవ కొలత పెట్టకుందుము గాక.