శాసనసభ నుండి మన సంఘములకు

(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో ఒక శాసనసభ్యునికి ఇరువది నిమిషములు ఇచ్చినందుకు కృతజ్ఞులము. మైకు దొరికితే మేము ఎంతసేపు మాట్లాడుదుమో మీకు తెలియును. అందుకే కాబోలు కార్యదర్శిగారు గడియారమును మా ఎదుటనే పెట్టినారు. కాబట్టి వేయించిన రోడ్ల సంగతి, త్రవ్వించిన బోర్ల సంగతి ఇప్పుడు చెప్పము. అవి మీరు చూచుచునే ఉన్నారు. లేనిచోట్లను మాకంటె మీరే బాగుగా ఎరుగుదురు. చట్టములను గూర్చి నాలుగు మాటలు, రేపు ఎల్లుండి ఇక్కడ జరుగబోవు కార్యక్రమములను గూర్చి రెండు మాటలు చెప్పి కూర్చుందుము.

బిల్లు శాసనసభలో నెగ్గి, శాసనమండలి దాటి, ఆమోదము పొంది, గెజెటులో అచ్చయినచో చట్టమైనట్లే. కాని గెజెటు నుండి మన గడప వరకు వచ్చుటకు దానికి కాళ్లు లేవు. ఎంత దూరమున ఆగిపోవుచున్నదో చెప్పుటకు ఒక్క సంగతి చాలును.

క్రిందటి వేసవిలో ఒక పల్లెనుండి ఒక తల్లి మా యొద్దకు వచ్చినది. పింఛను కొరకు వచ్చినదనుకొంటిమి. కాదు, వృద్ధాశ్రమములో చేర్చుకొనుటకు ఒక సిఫారసు ఉత్తరము వ్రాసి ఇమ్మన్నది. భర్తకు మూడెకరముల మాగాణి ఉండెను. వీలునామా లేదు. ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. భూమియంతయు కుమారుల పేర పాసు పుస్తకములకు ఎక్కినది. ఆ భర్త జ్ఞాపకార్థ కూడికకు మేమును వెళ్లితిమి. రెండు మంచి మాటలు చెప్పి, భోజనము చేసి వచ్చితిమి. మేము కారెక్కిన తరువాత, అదే పందిరి క్రింద, తెల్లకాగితముపై ఆమె చేత వేలిముద్ర వేయించినారట. మేము ఇంకొక గంట కూర్చున్నయెడల అది జరుగకపోవునేమో! ఈ మాట మేము ఆ తరువాత చాలాసార్లు అనుకొంటిమి.

కూతురికి ఆస్తిలో వాటా ఎన్.టి. రామారావుగారి కాలములో వచ్చినదని మన పల్లెలలో అందరును అందురు. అది హిందూ కుటుంబముల ఉమ్మడి ఆస్తిని గూర్చిన సవరణ. మన రాష్ట్రములో 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. దేశమంతటికిని అట్టి సవరణను పార్లమెంటు 2005లో చేసినది. ఇరువది ఏండ్లు ముందుగా చేసినందుకు మన సభ గర్వపడవచ్చును. అయితే క్రైస్తవులకు వర్తించునది 1925 నాటి భారత వారసత్వ చట్టము. వీలునామా లేక భర్త చనిపోయినచో, బిడ్డలున్నయెడల, ఆస్తిలో మూడవ వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికి సమానము. కొడుకని కూతురని భేదము లేదు. బిడ్డలును మనుమలును లేక, ఇతర బంధువులు మాత్రమే ఉన్నచో సగము ఆమెదే. ఆ తల్లికి మూడెకరములలో ఒక ఎకరము రావలెను. నలుగురు బిడ్డలకు తలకొక అర ఎకరము. లెక్క ఇంతే.

“ఆడపిల్లలకు పెండ్లిలో ఇచ్చితిమి గదా!” అని పెద్దలు అడుగుదురు. మన ఇంటిలోను ఈ మాట వింటిమి గనుక ఎవరిని తప్పుపట్టుటకు చెప్పుట లేదు. తండ్రి బ్రతికియుండగా బిడ్డకు ఇచ్చినదానిని, అతని తరువాత పంచు వాటాలో లెక్కించరాదని ఆ 1925 చట్టములోనే వ్రాసియున్నది. ఇక కట్నమందురా, 1961 చట్టము ప్రకారము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమే. నేరము చేసి, దానితో చెల్లెలి వాటా చెల్లిపోయినదనుట ఏమి న్యాయము?

ఇదంతయు ఆ తల్లికి చెప్పితిమి. ఆమె విని, “కొడుకుల మీద కోర్టుకు పోతానా బాబూ?” అన్నది. దానికి మా యొద్ద జవాబు లేకపోయెను. కోర్టుకు పోకుండ పోషణ కోరుటకు 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టము ఉన్నది. రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద నుండు ట్రిబ్యునలుకు దరఖాస్తు ఇచ్చినచో సాధారణముగా తొంబది దినములలో తేల్చవలెను. అదియు ఆమె వలదన్నది. చివరకు అయ్యగారును మేమును కుమారులను కూర్చుండబెట్టి మాట్లాడితిమి. పెద్దవాడు ఒప్పుకొన్నాడు. చిన్నవాడు ఇంకను ఒప్పుకొనలేదు. ఆ ఉత్తరము ఇంకను మా బల్లమీదనే ఉన్నది. దానిపై సంతకము చేయుటకు మాకు చేయి రాలేదు.

వీలునామా వ్రాయుట ఆయుస్సుకు చేటని కొందరి భయము. అది మూఢనమ్మకము. మందిరమునకో, ధర్మకార్యమునకో ఆస్తి వ్రాయవలెనన్న కోరిక గలవారికి ఒక సంగతి. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు అట్లు వ్రాయవలెనన్న, మరణమునకు కనీసము పండ్రెండు నెలల ముందే వ్రాసి, ఆరు నెలలలోగా అధికారుల వద్ద దాఖలు చేయవలెనన్న షరతు పూర్వముండెను. 2003లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. కాని భార్యకు చెందవలసినది మరచి మందిరమునకు వ్రాయవద్దని మా మనవి. బిషప్పుగారు మమ్మును క్షమింతురు గాక!

వివాహముల సంగతి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము సాధారణముగా ఉదయము 6 గంటలకును సాయంత్రము 7 గంటలకును మధ్యనే వివాహము జరుగవలెను. ఊరేగింపు తెమలక, వరుడు ఏడు దాటిన తరువాత మందిరము చేరుట మన ఊళ్లలో ఎంత మామూలో మీరెరుగుదురు. బ్యాండువారిని కాస్త తొందరపెట్టండి. వధువుకు 18, వరునికి 21 నిండవలెను. ఇందులో బ్రతిమాలుటలు లేవు. మన రాష్ట్రములో 2002 చట్టము అన్ని మతముల వివాహములకును ప్రభుత్వ రిజిస్ట్రేషను తప్పనిసరి చేసినది. మందిరపు రిజిస్టరులో సంతకములైనవి గదాయని ఊరకుండక, ఈ పనియు అయినదో లేదో విచారించుకొనండి. విడాకుల మాట సంఘములో ఎత్తుట ఎవరికిని ఇష్టము కాదు; మాకును కాదు. అయినను తన్నులు తినుచున్న బిడ్డ ఒకతె ఈ కూటములోనే ఉండవచ్చును. 2001 సవరణకు పూర్వము భర్త వ్యభిచారమొక్కటి నిరూపించిన చాలును. భార్య దానితోపాటు మరియొక దోషమును కూడ చూపవలసియుండెను. ఇప్పుడు ఇద్దరికిని ఒకే కొలత. క్రూరత్వమొక్కటే చాలిన కారణము.

జననముల విషయములో మార్పు కొత్తది. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడి చేర్పునకు, ఓటరు జాబితాకు, పాస్‌పోర్టుకు, ఉద్యోగమునకు పుట్టిన తేదీ రుజువు జనన ధృవపత్రమే. 21 దినములలో నమోదు చేయించినచో రుసుము లేదు. ఏడాది దాటెనా, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. బాప్తిస్మపు రిజిస్టరు మన ముసలివారికి ఎన్నోసార్లు అక్కరకు వచ్చినది, కాని ఈ పసివారికి దానిని చూపి లాభము లేదు. ఇంకొక చిక్కు పేర్లది. మందిరములో ఒక పేరు, బడిలో మరియొక పేరు, రేషను కార్డులో ఇంకొకటి. ముగ్గురు మనుష్యులను ఒక్కరిగా నిరూపించుటకు మన కచేరీకి వచ్చువారు వారమునకు ఎందరో! నామకరణము నాడే ఒక పేరు నిశ్చయించి, అన్నిటను దానినే వ్రాయించండి.

దళిత క్రైస్తవుల ఎస్.సి. హోదా మాట ఎత్తకుండ దిగిపోయినచో మీరు ఊరుకొనరు. 2009లోను, మరల 2023 మార్చిలోను మన శాసనసభ తీర్మానము చేసినది. ఊళ్లలో బాణసంచా కాల్చినారు, మాకు దండలు వేసినారు. ఆ దండలు మేము వేయించుకొనకుండ ఉండవలసినది. తీర్మానము చట్టము కాదు. అది మన సభ ఢిల్లీకి చేసిన మనవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని జాబితాను మార్చు అధికారము పార్లమెంటుదే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినది పార్లమెంటే. ఈ విషయమును పరిశీలించుటకు 2022లో కేంద్రము ఒక విచారణ సంఘమును నియమించినది. తీర్మానము నాటికి మన బిడ్డలకు రాష్ట్రములో ఉన్నది బి.సి.-సి క్రింద ఒక్క శాతము, మరునాటికిని అదే. ఓటు అడుగువాడు ఎవరైనను, మేమైనను సరే, ఈ రెండింటి భేదము దాచి మాట్లాడినచో నిలదీయండి.

2024 జూలై 1 నుండి కొత్త నేర చట్టములు వచ్చినవి. వానిలో ఒక్కటి జ్ఞాపకముంచుకొనండి: నేరము ఎచ్చట జరిగినను ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులోనైనను ఇయ్యవచ్చును. మా పరిధి కాదని త్రిప్పి పంపరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా ఇయ్యవలెను.

ఇక కార్యక్రమములు. రేపు ఆరాధన కాగానే కోత పండుగ వేలము. క్రిందటి యేడు ఒక గుమ్మడికాయను పాట పాడి పాడి రెండువేలకు మా తలకు కట్టినారు. ఈ యేడు వంతు కోశాధికారిగారిది. ఆ సొమ్ము హాస్టలు పైకప్పునకు పోవును. యువజనుల రక్తదానము మధ్యాహ్నమునుండి. ఎల్లుండి ఉదయము 10 గంటలకు మందిరము ప్రక్కన వేపచెట్టు క్రింద న్యాయ సలహా శిబిరము. న్యాయ సేవా సంఘమువారు న్యాయవాదులను పంపుదుమన్నారు. 1987 చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయ సహాయము ఉచితము. రాలేనివారు 15100కు ఫోను చేయవచ్చును.

వచ్చువారు ఆధారు, పాసు పుస్తకము, మరణ ధృవపత్రము, వివాహపు కాగితము, ఉన్నంతవరకు తెచ్చుకొనండి. వేలిముద్ర వేయుమని ఎవరైనను ఇచ్చిన కాగితము ఇంటిలో నున్నయెడల, ముద్ర వేయక ముందే అదియు పట్టుకొని రండి. స్త్రీలకు వేరుగా ఒక బల్ల వేయించినాము; అక్కడ కూర్చుండువారును స్త్రీలే. మేము సాయంత్రము వరకు అచ్చటనే ఉందుము. ఈ సారి భోజనము చేసి వెళ్లిపోము.