భూమిలో నిలిపిన నీరు

  

దివ్య ఖుర్ఆన్ సూరె మూమినూన్ పద్దెనిమిదవ ఆయతులో అల్లాహ్ మూడు సంగతులు తెలియజేశాడు. నీటిని ఒక పరిమాణం ప్రకారం ఆకాశం నుండి కురిపించడం మొదటిది. దానిని భూమిలో నిలిపి ఉంచడం రెండవది. దానిని తీసుకుపోగల శక్తి కూడా తనకున్నదన్న హెచ్చరిక మూడవది. వాన గురించి మనం నిత్యం మాట్లాడుకుంటాము. నీరు భూమిలో నిలవడాన్ని మాత్రం మరచిపోతాము. నేటి ప్రసంగం దాని గురించే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అడుగున ఉన్నది గట్టి రాతినేల. పైభాగాన ఎండకు, వానకు యుగాలుగా చివికిన మెత్తని పొర ఒకటి ఉన్నది. మన తాతల మోట బావులు ఆ పొరలోని ఊటతోనే నిండేవి. దాని క్రింద నీరుండేది రాతి పగుళ్ళలోనే. పగులు తగిలితే నీరు, తగలకుంటే దుమ్ము. అరచేతిలో కొబ్బరికాయ నిలిపి బోరు పాయింటు చూపే మనిషికి ఆ పగుళ్ళ గురించి మనకు తెలిసినంతే తెలుసు. గైబు జ్ఞానం అల్లాహ్‌ది.

ఆ పగుళ్ళు ఎవరి పట్టా హద్దు వద్దా ఆగవు. వెయ్యి అడుగులు తవ్వించినవాడు క్రొత్త నీటిని కనుగొన్నానని సంతోషిస్తాడు. చాలాసార్లు అది పొరుగువాని మూడు వందల అడుగుల బోరు నుండి దిగివచ్చిన నీరే. టమోటా ధర పలికిన ఏడాది బోర్లు పెరుగుతాయి. ధర పడిపోయి, మదనపల్లె మార్కెట్టుకు కాయలు చేర్చిన బాడుగ కూడా రానినాడు బోరు అప్పు మాత్రం మిగులుతుంది. పొరుగువాని బావి ఎండిన పాపం ఏ ఖాతాలో వ్రాయబడుతుందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోర్లకు అనుమతిని, బావుల మధ్య దూరాన్ని విధించింది. చట్టం లేకపోయినా మనకు హదీసు ఉన్నది: అవసరానికి మించిన నీటిని ఇతరులకు ఇవ్వకుండా ఆపడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు.

కొండమీది గడ్డి, చెట్లు వాన వేగాన్ని అణచి నీటిని నేలలోకి దింపుతాయి. కొండ బోడి అయితే మట్టి కొట్టుకువచ్చి చెరువులో పూడికగా చేరుతుంది. పూడిన చెరువులో నీరు నిలవదు, నిలవని నీరు ఇంకదు, ఇంకని చోట బోరు ఎండుతుంది. పై చెరువు మరవ పారితే క్రింది చెరువు నిండేలా పెద్దలు ఈ ప్రాంతమంతా చెరువులను గొలుసుగా కట్టారు. నేడు ఆ గొలుసును కలిపే వంకలు కొన్ని చోట్ల పొలాలుగా, మరికొన్ని చోట్ల ఇంటి స్థలాలుగా మారాయి. వాన కోసం ఈద్‌గాహ్‌కు వెళ్ళి ఇస్తిస్ఖా నమాజు చేస్తాము, చేతులెత్తి ఏడుస్తాము. ఆ దుఆ ఆమోదించబడి వాన కురిస్తే, అది చెరువుకు చేరే దారిని మూసినది ఎవరు?

ఎగువ పొలం వారు నీటిని చీలమండల లోతు వరకే నిలుపుకొని తరువాత దిగువకు వదలాలని మదీనాలోని మహ్‌జూర్ వాగు విషయంలో దైవప్రవక్త (సఅసం) తీర్పు చెప్పారు. పాలారు నదికి కూడా ఈ తీర్పు సరిపోతుందని మేము భావిస్తున్నాము. అది కర్ణాటకలోని నందికొండల వద్ద పుట్టి, కుప్పం మీదుగా 33 కిలోమీటర్లు సాగి తమిళనాడుకు పోతుంది. ఎగువవారి ముందు మనం దిగువవారము. తమిళనాడు రైతు ముందు ఎగువవారము.

హంద్రీ-నీవా కాలువ వచ్చింది కదా, ఇంకా చింత ఎందుకని కొందరంటారు. కాలువ గొప్ప మేలే, అల్‌హమ్దులిల్లాహ్. అయితే శ్రీశైలం వద్ద ఎత్తిపోసే ఆ కృష్ణా నీరు మహాబలేశ్వర్ వైపు కొండలలో పడిన వాన. అక్కడ వాన తప్పిన ఏడాది ఇక్కడ ఆదుకోవలసింది మన చెరువే.

ఇక కుప్పం ప్రాంతపు ఏనుగుల మాట. ఇంచుమించు రెండు శతాబ్దాలు ఇక్కడ కనిపించని ఏనుగులు 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుండి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవిలో మేత, నీరు తగ్గితే అవి పొలాలకు దిగుతాయి. ఒక్క రాత్రిలో పంట పోయిన రైతు కన్నీరు చిన్నది కాదు. నష్టపరిహారం అతని హక్కు. కానీ కంచెకు కరెంటు పెట్టడం ధర్మసమ్మతం కాదు. ఆ తీగ ఏనుగునూ చంపుతుంది, చీకటిలో నడిచి వచ్చే పొరుగింటి బిడ్డనూ చంపుతుంది. నేలమీది జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీవంటి సమాజాలేనని సూరె అన్‌ఆమ్ తెలుపుతున్నది.

దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే ఇంచుమించు ఒక లీటరు సీసాలోపు నీటితో, వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. మన మస్జిదులలో కుళాయి విప్పి సలాములు చెప్పుకునేలోపే అంతకు రెట్టింపు నీరు మురుగుకాలువ పాలవుతున్నది. ఆ నీటిని ఆవరణలోని ఇంకుడు గుంతకు, చెట్లకు మళ్ళించే పనిని కమిటీ పెద్దలు ఈ నెలలోనే చేపట్టవలెను. వంక పోరంబోకులో కంచె వేసుకున్నవారు ఎవరో వారికే తెలుసు; వానలకు ముందే దానిని వారే తొలగించవలెను. చెరువు పూడిక తీసే రోజున ఇంటికొక మనిషి పార పట్టుకొని రావలెను.