మొటిమలు: నాలుగు రోజుల్లో తగ్గించే ట్యూబ్‌తో జాగ్రత్త

ఈరోజు టాపిక్ మొటిమలు. చాలా రోజులుగా అడుగుతున్నారు కదా, ఇదిగో చేసేశాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందుకొచ్చినవాణ్ని. అందుకే ఫలానా మందు కొనుక్కోండి అని చెప్పను. అసలు మొటిమ ఎందుకొస్తుంది, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, వెళ్తే ఏం ఇస్తారు, అది ఎలా పనిచేస్తుంది, ఇవీ ఈరోజు మాట్లాడుకునేవి.

మన ఇళ్లల్లో మొటిమ రాగానే వినిపించే మాటలు మూడు. ఒకటి, "ఒంట్లో వేడి చేసింది". రెండు, "మొహం సరిగ్గా కడుక్కోవట్లేదు". మూడోది అందరికీ ఇష్టమైనది, "పెళ్లయితే అవే పోతాయిలే". ఈ మూడింట్లో ఏదీ కారణం కాదు.

జరిగేది ఇదీ. చర్మం మీద సన్నటి రంధ్రాలుంటాయి. ఒక్కో దాని లోపల ఒక నూనె గ్రంథి. టీనేజ్‌లో ఆండ్రోజెన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ. దాంతో నూనె ఎక్కువ తయారవుతుంది. చచ్చిన చర్మ కణాలు ఆ నూనెతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. మూసుకున్న చోట మామూలుగా చర్మం మీద ఉండే బ్యాక్టీరియానే బాగా పెరుగుతుంది, శరీరం దాని మీద యుద్ధానికి దిగుతుంది. ఎరుపు, నొప్పి, చీము ఆ యుద్ధం తాలూకు గుర్తులే. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మురికి వల్ల కాదు. అందులోని మెలనిన్‌కి గాలి తగిలి రంగు మారుతుంది. కాబట్టి రోజుకు ఆరుసార్లు సబ్బుతో రుద్దినా అది పోదు. చర్మం మండుతుంది, అంతే. రెండుసార్లు మైల్డ్ ఫేస్‌వాష్ చాలు. నిమ్మరసం, టూత్‌పేస్ట్, బేకింగ్ సోడా మొహానికి వద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం కూడా ఇదే.

మా బాబాయి కూతురు ఇంటర్ సెకండ్ ఇయర్. ఊళ్లో మెడికల్ షాపులో ఎవరో ఒక ట్యూబ్ ఇచ్చారు. నాలుగు రోజుల్లో మొటిమలు తగ్గాయి, మొహం కూడా తెల్లబడింది. ఇంట్లో అందరూ ఖుషీ. మూణ్నెల్లు రాసింది. తర్వాత ఒకరోజు ఆపితే మొహమంతా ఎర్రబడి, మంట, దురద, ముందుకంటే ఎక్కువ మొటిమలు. భయపడి మళ్లీ రాసింది, తగ్గింది. ఆపితే మళ్లీ మొదలు. ఎండలోకి వెళ్లలేదు, గ్యాస్ పొయ్యి ముందు నిలబడలేదు. చున్నీ మొహానికి చుట్టుకోకుండా కాలేజీకి వెళ్లడం మానేసింది. బంధువుల పెళ్లికి రమ్మంటే, "అన్నయ్యా, ఫొటోలు తీస్తారు, నేను రాను" అంది.

ఆ ట్యూబ్‌లో ఉన్నది స్టెరాయిడ్. స్టెరాయిడ్ క్రీములు చెడ్డవని కాదు. ఎగ్జిమా లాంటి జబ్బులకు డాక్టర్లు లెక్క ప్రకారం ఇస్తారు. కానీ మొటిమల మీద రాస్తే అది వాపును మాత్రం అణిచేస్తుంది. ఫైర్ అలారం వైరు కోసేసి మంట ఆరిందనుకోవడం లాంటిది. లోపల చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, కొందరికి మొహం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఆ క్రీమే కొత్త మొటిమలు తెప్పిస్తుంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే, చర్మవైద్యుల జాతీయ సంఘం ఐఏడీవీఎల్ దీనికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి ప్రచారం చేస్తోంది.

మరి ఎలా గుర్తుపట్టాలి? ట్యూబ్ తిప్పి చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, ఈ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడే. ఫెయిర్‌నెస్ కోసం స్నేహితులు చెప్పే మిక్స్ క్రీముల్లో కూడా చాలాసార్లు ఇది ఉంటుంది. పేరు అర్థం కాకపోతే ఫోన్‌లో టైప్ చేసి చూడండి, రెండు నిమిషాల పని. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఆ ట్యూబ్ పట్టుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎలా ఆపాలో వాళ్లు చెప్తారు. మా చెల్లికి మామూలు చర్మం తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది.

డాక్టర్ అంటే ఎవరు? బోర్డు మీద స్కిన్ క్లినిక్ అని ఉంటే సరిపోదు. పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డెర్మటాలజీలో డీఎన్‌బీ ఉందా చూడండి. ఫీజు సమస్యైతే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, వైజాగ్‌లో కేజీహెచ్ లాంటి చోట్ల చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. లైన్ ఉంటుంది, నిజమే. కానీ చూసేది స్పెషలిస్టులే.

లోతుగా, గడ్డల్లా, నొప్పిగా వస్తున్నా, గుంటలు పడుతున్నా, మొహం వల్ల బయటికి వెళ్లాలనిపించకపోయినా ఆగకండి. గుంట పడ్డాక పూడ్చడం కష్టం, పడకముందు ఆపడం తేలిక.

తేలికపాటి మొటిమలకు ఎక్కువగా రాసేవి రెండు. అడాపలీన్ మూసుకున్న రంధ్రాల్ని తెరుస్తుంది. రాత్రి, శనగగింజంత, మొహమంతటికీ పల్చగా రాయాలి, మొటిమ మీద మాత్రమే కాదు. బెంజాయిల్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాని చంపుతుంది. ఇది బట్టల రంగు పీల్చేస్తుంది, కాబట్టి దిండు కవర్, టవల్ తెల్లవి వాడండి. లేకపోతే అమ్మ చేతిలో అయిపోతారు. మొదటి వారాల్లో పొట్టు లేవడం, కొంచెం మంట మామూలే. మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ తోడుండాలి. కాస్త ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు కొన్ని నెలలు ఇస్తారు. చీటీ పాతదైనా దాచుకుని మళ్లీ మళ్లీ కొనకండి, బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటుపడిపోతుంది.

తీవ్రంగా ఉన్నవాళ్లకు ఐసోట్రెటినాయిన్. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మందు, నూనె గ్రంథుల్నే చిన్నవి చేస్తుంది. బాగా పనిచేస్తుంది, కానీ ఫ్రెండ్ వాడాడని మీరు మింగేది కాదు. పెదవులు ఎండిపోతాయి, లివర్‌కీ రక్తంలో కొవ్వుకీ పరీక్షలు చేయించాలి. కడుపులో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది, అందుకే వాడేటప్పుడు, ఆపిన తర్వాత కనీసం నెల వరకు గర్భం రాకూడదు. పెళ్లైన అక్కలూ, సంబంధాలు చూస్తున్నవాళ్లూ ఈ సంగతి డాక్టర్‌తో సిగ్గుపడకుండా మాట్లాడండి. మనసు బాగా దిగులుగా అనిపించినా వెంటనే చెప్పాలి.

ఇరవై ఐదు దాటాక కూడా వస్తున్నాయా? వస్తాయి, మా ఆఫీసులోనే ఎంతమందికో ఉండేవి. అమ్మాయిలకు గడ్డం, దవడ దగ్గర వస్తూ, నెలసరి కూడా గాడి తప్పితే పీసీఓఎస్ కోసం చూస్తారు. జిమ్ బ్రదర్స్, వే ప్రొటీన్ మొదలుపెట్టాక పెరిగాయా అన్నది గమనించి డాక్టర్‌కి చెప్పండి. నుదుటి మీద చిన్న చిన్నవి ఒకే సైజులో, దురదతో ఉంటే అది మొటిమే కాకపోవచ్చు, ఫంగస్ కావచ్చు. దానికి మందు వేరు. తలకు నూనె దట్టంగా పెట్టి నుదుటి మీదికి కారేలా వదిలేయకండి.

చివరగా, టైమ్. ఏ మందుకైనా తేడా కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పనిచేసిందో లేదో తేల్చడానికి దాదాపు మూడు నెలలు. బగ్ ఫిక్స్ చేసేటప్పుడు ఒకేసారి పది ఫైళ్లు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా, ఇదీ అంతే. వారానికో క్రీమ్ మార్చకండి. నెలకోసారి అదే వెలుతురులో ఫిల్టర్ లేకుండా ఒక ఫొటో తీసుకోండి, రోజూ అద్దంలో వెతకడం ఆపండి. గిల్లకండి, మన రంగు చర్మానికి నల్ల మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది మొటిమలు లేనివాళ్లకు. ఎవరైనా ఎదురుపడగానే "ఏంటి మొహం ఇలా అయిపోయింది?" అని అడగకండి. వాళ్లింట్లో అద్దం ఉంది, వాళ్లకు తెలుసు.

మీ ఇంట్లో ఏదైనా ట్యూబ్ ఉంటే, ఈ వీడియో ఆపగానే తీసి వెనక చదవండి. ఈ ఎపిసోడ్‌కి నేను అడిగే పని అదొక్కటే. మళ్లీ కలుద్దాం, ఉంటాను.