చొక్కా ఎత్తి చూడండి

నేను మాట్లాడాల్సింది మీతోనే, కొత్త డాక్టర్లూ.

మాది రాజపాళయం పక్కన చోళపురం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ముక్కు, చెవి, గొంతు డాక్టరుగా నేను పనిలో చేరిన కొత్తలో, స్పిన్నింగు మిల్లు కార్మికుడొకాయన ముక్కులోంచి రక్తం కారుతోందని వచ్చాడు. దూది దుమ్ము పనే అనుకున్నాను. మా చత్రపట్టి మగ్గాల మీద నేసిన గాజుగుడ్డ ముక్కులో కూరి పంపించాను. రెండోసారీ అంతే. మూడోసారి లోపల ఎర్రటి కండ కనిపించింది. పరీక్షకని చిన్న ముక్క తీయబోతే రక్తం ఓ పట్టాన ఆగలేదు. అప్పుడు ఆయన భార్య పసుపు సంచీలోంచి పాత కాగితం తీసింది. పదమూడేళ్ల కిందట క్యాన్సరని ఎడమ కిడ్నీ తీసేశారు.

"ముందే చెప్పలేదేం అమ్మా?" అన్నాను.

"మీరు ముక్కు సంగతే అడిగారు గదయ్యా" అంది.

ఆయన డొక్కలో జానెడు మచ్చ ఉంది. నేను చొక్కా ఎత్తి చూడలేదు.

కిడ్నీ క్యాన్సరు ఊపిరితిత్తులకు, ఎముకలకు, కాలేయానికి పాకుతుందని రాసి మార్కులు తెచ్చుకున్నారు. సరే. అది థైరాయిడుకూ, క్లోమానికీ, నాలుకకూ, నెత్తిమీది చర్మానికీ పోతుంది. వేరేచోటి నుంచి ముక్కులోకి వచ్చే క్యాన్సర్లలో ముందు తలచుకోవాల్సింది దీన్నే. పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు కూడా తిరిగి రావచ్చు. ఈ క్యాన్సరులో వీహెచ్ఎల్ జన్యువు చెడిన కణం, ఆక్సిజన్ అందుతున్నా అందనట్టే కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది. ఆ గడ్డను తాకితే అంత రక్తం అందుకే. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే తీరు కనిపెట్టినవారికే 2019లో నోబెల్ ఇచ్చారు. ఇక దారి సంగతి: వెన్నెముక వెంట ఉండే సిరలకు కవాటాలుండవు. దగ్గినా ముక్కినా అక్కడ రక్తం ఎదురు తిరుగుతుంది. ఊపిరితిత్తుల జల్లెడకు చిక్కకుండా క్యాన్సరు కణాలు ఆ దారిన తలదాకా పోగలవని 1940లో బాట్సన్ అనే వైద్యుడు చెప్పాడు.

ఇదంతా మీకు నాకంటే బాగా వచ్చు. నా దిగులు వేరు. వార్డుల్లో మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. స్కాను తెరమీంచి కళ్లెత్తరేం? మంచం పక్కకు ఓ స్టూలు లాక్కోవడానికి ఏం బరువు? పాత ఆపరేషన్ల గడిలో, అడక్కుండానే 'లేవు' అని రాసేస్తారు. అలా రాయకండి నాయనా. ఆనాడు నేనూ అదే రాశాను.

ఆ మిల్లు కార్మికుడికి ఒంట్లో ఇంకెక్కడా క్యాన్సరు కనిపించలేదు. ఆ ఒక్క గడ్డే కావడంతో తీసేశాం. నాలుగేళ్లు బాగానే తిరిగాడు. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా, నేను నోరు తెరవకముందే పసుపు సంచీ నా బల్లమీద పెట్టేవాడు.