గట్టు మీద పువ్వు, పాదుకు పిందె



పెరట్లో గుమ్మడి పాదు బాగా పూస్తుంది. కానీ పిందెలు పసుపుబారి రాలిపోతాయి. దిష్టి తగిలిందంటారు. దిష్టి కాదు!

గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు అంటాలి. అంటకపోతే పిందె నిలవదు. ఆ పుప్పొడిని మోసేది తేనెటీగలు. అవి కూలి అడగవు. తిండి ఉంటే చాలు.

పాదు పూసేది కొన్నాళ్లే. మిగతా రోజులు వాటికి తిండి ఏది? తుమ్మి పూలలో తేనె ఉంటుంది. తంగేడు పుప్పొడికి తుమ్మెదలు వస్తాయి. గునుగు మీద సీతాకోకచిలుకలు వాలతాయి. గట్లన్నీ చెక్కేస్తే ఇవేవీ మిగలవు. బతుకమ్మకు కూడా పువ్వు దొరకదు.

మరి ఏం చేయాలి?

చేలో గునుగు కలుపే, పీకండి. గట్టు మీద, కంచె పక్కన మాత్రం ఉంచండి. తంగేడు గింజలు ఏరి, తొలకరికి కంచె వెంట చల్లండి. గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. ఆ పూట పురుగుమందు కొట్టకండి. తేనెటీగలు రాకపోతే, పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దండి.

గట్టు మీద పువ్వుంటే తేనెటీగ వస్తుంది. తేనెటీగ వస్తే కూరకు కాయ ఉంటుంది. మిగిలితే సంతకూ పోతుంది.