తాతగారి పాట

పెళ్ళి పట్టుచీరల కోసం మీలో చాలామంది బెంగళూరు చిక్కపేటకు వచ్చే ఉంటారు. అక్కడ బేరం కన్నడంలో మొదలై తెలుగులో తెగుతుంది. అలాంటి ఒక అంగడిలో పద్దులు రాసే మా నాన్నగారు, ఇంటికి రాగానే ఖమాస్ రాగంలో 'బ్రోచేవారెవరురా' అని మెల్లగా పాడుకునేవారు. అది కట్టినాయన ఆంధ్రుడేనని నేను చాలాకాలం నాన్నగారితో వాదించాను. 'శంకరాభరణం' సినిమాలో విని మీరూ అలాగే అనుకున్నారేమో!

కాదండీ. ఆయన మైసూరు వాసుదేవాచార్యులు, కన్నడిగులు. 1865లో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోతే తాతగారింట పెరిగారు. పట్నం సుబ్రహ్మణ్యయ్యరు వద్ద శిష్యరికం చేసి, ఎక్కువగా తెలుగులోనూ సంస్కృతంలోనూ కృతులు కట్టారు.

తాత చేతిలో పెరిగిన ఆ పిల్లవాడు తానెలాంటి తాత అయ్యారో వినండి. ఎనభై దాటిన వయసులో మదరాసు కళాక్షేత్రంలో చేరి, రుక్మిణీదేవిగారి రామాయణ నృత్యనాటకాలకు సంగీతం కూర్చసాగారు. అది పూర్తికాకుండానే 1961లో కన్నుమూశారు. మిగిలిన భాగాలకు మనుమడు రాజారాంగారు సంగీతం కూర్చారు. మరో మనుమడు కృష్ణమూర్తిగారు మన ఆకాశవాణిలోనే పనిచేశారు.

మా నాన్నగారు పోయాక ఆయన పాత పద్దుపుస్తకం ఒకటి దొరికింది. చివరి పుటలో ఆ కృతి కన్నడ లిపిలో ఉంది. తెలుగు మాట్లాడేవారే గాని, చదవడం ఆయనకు రాదు. మా అబ్బాయి దాన్ని ఇప్పుడు తెలుగులోకి ఎత్తి రాసుకుంటున్నాడు. చరణంలో ఒకచోట సిరా చెదిరింది. అక్కడ తాత ఎలా పాడేవారని నన్నడుగుతున్నాడు.