పట్టాలు మారితే పెట్టెలేం కావాలి?



మీరు కష్టపడి నేర్చుకున్న ప్రోగ్రామింగ్ భాషకు మీ కంప్యూటర్‌లో మద్దతు తగ్గిపోతే ఏం చేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు ఒక రైలు జంక్షన్ చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ జిల్లాలో అభన్‌పూర్ ఉంది. ధంతరీ వెళ్లే నారోగేజి లైను నుంచి రాజిం లైను ఇక్కడే చీలేది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. ఇప్పుడు 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి వచ్చింది. 2025 మార్చి 30న అభన్‌పూర్–రాయ్‌పూర్ మెము రైలు మొదలైంది. పాత పెట్టెల్లో ఏ లోపమూ లేకపోయినా అవి ఈ పట్టాల మీద నడవవు. ప్రయాణికులు మాత్రం అదే ఊరికి వెళతారు.

కంప్యూటర్‌లో పట్టాలంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంపైలర్, రన్‌టైమ్. పెట్టె మనం రాసిన ప్రోగ్రాము. ప్రయాణికులు అందులోని సమాచారం, లెక్కలు.

మైక్రోసాఫ్ట్ 1991లో విజువల్ బేసిక్‌ను, 1998లో దాని ఆరవ వెర్షన్‌ను విడుదల చేసింది. బటన్లను తెరమీద పేర్చి, కొద్దిపాటి కోడ్ రాస్తే చాలు, బిల్లింగ్ ప్రోగ్రాము తయారయ్యేది. హైదరాబాద్‌ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోనూ దాన్ని నేర్పేవారు. 2002లో డాట్‌నెట్ వచ్చింది. భాష పేరు దాదాపు అదే, లోపల చాలా మారింది. పాత భాషలో ఇంటిజర్ 2 బైట్లు. గరిష్ఠ విలువ 32,767. కొత్తదానిలో అది 4 బైట్లు. పాత ప్రోగ్రాము ఫైలులో 2 బైట్ల చొప్పున రాసిన అంకెలను కొత్తది 4 బైట్ల చొప్పున చదివితే? ఖాతాలన్నీ తారుమారవుతాయి.

అందుకే 2005లో ప్రోగ్రామర్లు ఎందరో పాత భాషను కొనసాగించమని కోరుతూ సంతకాలు చేశారు. ఫలితం లేకపోయింది. 2008 ఏప్రిల్ 8తో పాత సాధనానికి పొడిగించిన మద్దతు కూడా ముగిసింది. రన్‌టైమ్‌కు మాత్రం విండోస్ 11లోనూ మద్దతుంది. అంటే పాత ప్రోగ్రాములు నడుస్తాయి. వాటిని మార్చాలంటేనే చిక్కు. 2020లో విజువల్ బేసిక్ డాట్‌నెట్‌ను కూడా భాషగా ఇక విస్తరించబోమని సంస్థ ప్రకటించింది.

మరి 1960 నాటి కోబాల్ ఎలా నిలిచింది? దానికి ప్రామాణిక నిర్వచనం ఉంది. వేర్వేరు సంస్థలు కంపైలర్లు తయారుచేశాయి. బ్యాంకుల లెక్కలు దాని మీద ఆధారపడ్డాయి. ఒక్క సంస్థ చేతిలోనే ఉన్న భాషకు ఈ రక్షణ ఉండదు.

కాబట్టి మూడు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, సమాచారాన్ని ఏ భాషైనా చదవగల సాదా రూపంలో కూడా దాచండి. రెండోది, లెక్క కట్టే భాగాన్ని తెరమీద చూపే భాగంతో కలపకండి. రేపు మార్చవలసింది తగ్గుతుంది. మూడోది, లూప్, అర్రే, ఫంక్షన్ వంటి భావాలను ఒక భాషలో క్షుణ్ణంగా నేర్చుకుని, రెండో భాషలో రాసి చూడండి.

ఈ వారం అభ్యాసంగా, మీరు రాసిన ఒక చిన్న ప్రోగ్రామును మరో భాషలోకి మార్చండి. ఎక్కడ ఆగిపోయారో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ భాషకే చెందినదేదో, మీకు నిజంగా తెలిసినదేదో అక్కడ తేలుతుంది.